పికప్ ఇంజిన్ ఫ్రంట్ సీల్: మార్చే ముందు చూడవలసినవి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మామిడి కోతలు దగ్గరపడుతున్నాయి. నూజివీడు, తిరువూరు వైపు తోటల నుంచి మార్కెట్లకు కాయ తరలించే పికప్ బండ్లు కొద్ది రోజుల్లో రాత్రనక పగలనక తిరగడం మొదలుపెడతాయి. వాటిలో చాలా బండ్లకు యజమానీ డ్రైవరూ ఒకరే. సీజనుకు ముందు బండిని షెడ్డుకు తెచ్చి పనులు చేయించుకునే ఈ సమయంలో, ఇంజిన్ ముందుభాగంలో ఉండే ఒక చిన్న భాగం గురించి, దాన్ని మార్చే విషయంలో మన షెడ్లలో పాతుకుపోయిన కొన్ని అలవాట్ల గురించి మీ పత్రిక ద్వారా చెప్పదలచి ఈ లేఖ రాస్తున్నాను. నేను చాలాకాలం డీజిల్ మెకానిక్‌గా పనిచేసి, ఆ తర్వాత కుర్రవాళ్ళకు అదే పని నేర్పినవాణ్ణి.

పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ ముందు కొన, ఇంజిన్ ముందుభాగపు మూత అయిన టైమింగ్ కవర్‌లోంచి బయటికి వచ్చి పుల్లీని తిప్పే చోట, లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఫ్రంట్ ఆయిల్ సీల్. చాలా బండ్లలో అది ఒక ఇనుప చుట్టు, దాని లోపల రబ్బరు పెదవి, ఆ పెదవిని హబ్బుకు (పుల్లీ నడిమి గొట్టం భాగానికి) అదిమిపట్టే సన్నని స్ప్రింగు, అంతే. అయితే 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న హబ్బు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ పెదవి కింద నుంచి ఇనుము సెకనుకు దాదాపు 8 మీటర్ల వేగంతో జారిపోతుంది. అంటే ఒక్క గంటలో ఆ పెదవి 28 కిలోమీటర్ల మేర ఇనుముతో ఒరుసుకుంటుంది. తడి లేకుండా ఒరుసుకుంటే అది కొద్దిసేపట్లోనే మాడిపోతుంది కాబట్టి, పెదవికీ ఇనుముకూ మధ్య మైక్రాన్ల లెక్కలో పలుచని ఆయిల్ పొర ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ పొరను ఉండనిస్తూనే చుక్కను బయటికి రానివ్వకపోవడం ఈ సీల్ చేసే పని. హబ్బు నునుపు చెడినా, షాఫ్ట్ నడిమికి సీల్ సరిగ్గా కూర్చోకపోయినా, ఇంజిన్ లోపల గాలి ఒత్తిడి పెరిగినా, వేడి మితిమీరినా ఎంత మంచి కంపెనీ సీల్ అయినా కారడం ఖాయం.

నా మనవి అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే. ఇంజిన్ ముందు ఆయిల్ కనిపించగానే సీల్ పోయిందనుకొని, కొత్తది కొట్టి, బండిని బయటికి పంపేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆయిల్ ఎందుకు కారిందో చూడకుండా వేసిన సీల్ మళ్ళీ కారుతుంది. సాధారణంగా సీల్ ఖరీదు వందల్లోనే ఉంటుంది కానీ, దాన్ని చేరడానికి రేడియేటరు, ఫ్యాను, బెల్టులు, పుల్లీ విప్పే కూలి, ఆ రోజుకు పోయిన కిరాయి కలిపితే చిన్న యజమానికి అది మోయరాని భారం. అదే పని రెండు మూడు నెలలకోసారి చేయించుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది లోపం సీల్‌లోనే ఉందని, బజారులో మంచి సరుకు దొరకడం లేదని నమ్ముతున్నారు.

చిన్న లీకేజీ కదా, పైన ఆయిల్ పోసుకుంటూ సీజను గట్టెక్కిద్దాం అనుకునేవారికి ముందు ఒక లెక్క చెబుతాను. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క పడినా గంటకు 180 మిల్లీలీటర్లు పోతుంది. విజయవాడ నుంచి హైదరాబాదుకు లోడుతో వెళ్ళేసరికి దాదాపు లీటరు ఆయిల్ రోడ్డు పాలవుతుంది. ఆయిల్ మట్టం కనీస గీత కంటే కిందికి దిగిన ఇంజిన్‌ను ఘాటు రోడ్డులో లోడుతో ఎక్కిస్తే బేరింగులు పట్టేయడానికి ఎంతో సమయం పట్టదు. ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. తిరిగే పుల్లీ ఆ ఆయిల్‌ను చుట్టూ చిమ్ముతుంది, పక్కనే ఉన్న ఫ్యాను బెల్టు తడిసి జారుతుంది. చాలా పాత డీజిల్ పికప్‌లలో బ్రేక్ బూస్టరుకు (పెడల్‌ను తేలిగ్గా నొక్కగలిగేలా చేసే భాగానికి) వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటరు వెనుకే బిగించి ఉంటుంది, ఆ ఆల్టర్నేటరును తిప్పేది ఈ బెల్టే. బెల్టు జారితే ముందు ఛార్జింగ్ లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే, నాలుగు సార్లు బ్రేకు తొక్కాక బూస్టరులోని వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది, నిండు లోడుతో ఉన్న బండి ఆగవలసిన చోట ఆగదు. వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో అయితే ఆయిల్ తగిలిన బెల్టు ఉబ్బి, పళ్ళు ఊడి, వాల్వులు పిస్టన్లకు తగిలేదాకా పోవచ్చు. కాబట్టి ఈ లీకేజీని ఇంజిన్ మురికిగా కనబడటంతో సరిపెట్టి చూడకూడదు.

ఇక అసలు పని. ఇంజిన్ ముందు ఆయిల్ ఉన్నంత మాత్రాన అది క్రాంక్ సీల్ నుంచే వచ్చిందనుకోవడానికి లేదు. పైన టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ టైమింగ్ కవర్ మీదుగా దిగి సరిగ్గా పుల్లీ దగ్గరే చేరుతుంది. టైమింగ్ కవర్ ప్యాకింగ్, ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ముందు అంచు, పవర్ స్టీరింగ్ గొట్టం, ఇవన్నీ అదే చోటికి ఆయిల్‌ను తెచ్చిపోసేవే. ఫ్యాను గాలి దాన్ని వెనక్కి కొట్టడంతో ఇంజిన్ మొత్తం తడిసి, మూలం ఎక్కడో తెలియకుండా పోతుంది. అందుకే ముందు ఆ భాగాన్నంతా డీజిల్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అనుమానమున్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, ఆపి చూడాలి. పౌడరు మొదట ఎక్కడ తడిసిందో ఆయిల్ అక్కడి నుంచే వస్తోంది. క్రాంక్ సీల్ నుంచే అయితే పుల్లీ వెనుక, హబ్బు చుట్టూ గుండ్రంగా ఆయిల్ చిమ్మిన గుర్తు స్పష్టంగా కనబడుతుంది. అరగంట పట్టే ఈ పరీక్షను చాలా షెడ్లలో చేయరు. చేసినందుకు కూలి ఇవ్వడానికి యజమానులు ఇష్టపడకపోవడం కూడా అందుకు ఒక కారణమని ఒప్పుకోవాలి.

లీకేజీ సీల్ నుంచేనని తేలాక వెంటనే పుల్లీ విప్పకుండా, ముందు బ్రీథరు చూడాలి. ఈ లేఖలో నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచిన మాట ఇదే. పిస్టను రింగుల సందుల్లోంచి కొంత వాయువు కిందికి దిగడం ప్రతి ఇంజిన్‌లోనూ ఉంటుంది, దాన్నే మనవాళ్ళు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ వాయువు బయటికి పోయే దారి బ్రీథరు. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఎక్కువసార్లు ఆ బలహీనమైన చోటు క్రాంక్ సీలే అవుతుంది, ఎందుకంటే అది ఏ బోల్టూ ప్యాకింగూ లేకుండా పెదవి బిగువు మీద మాత్రమే నిలిచి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే ఒక పికప్‌కు ముందు సీల్ ఎన్నిసార్లు మార్చినా నిలవడం లేదని నా దగ్గరికి తెచ్చారు. పాత బండి కావడంతో దాని బ్రీథరు గొట్టం కొన కిందికి, నేల వైపు తెరిచి ఉంది. పొలాల దారుల్లో ఎగిరిన నల్లరేగడి మట్టి ఆ కొనకు పట్టిన ఆయిల్ జిడ్డుతో కలిసి, ఎండి, వేలెడు లోతున బిరడాలా బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెచ్చులుగా ఊడింది. గొట్టం విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించి, ఈసారి మాత్రం ఒక మామూలు సీల్ వేసి పంపాము. ఆ బండి ఆ సీజనంతా ముందువైపు పొడిగానే తిరిగింది.

బీఎస్-6 కాలుష్య నిబంధనలు 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాక వచ్చిన బండ్లలో బ్రీథరు నేల వైపు తెరిచి ఉండదు. ఆ వాయువు ఆయిల్ సెపరేటరు గుండా ఇంజిన్ పీల్చే గాలిలోకే తిరిగి వెళుతుంది. అక్కడ సెపరేటరు జిడ్డు పట్టినా, దానిలోని పలుచని డయాఫ్రం చిరిగినా లోపలి ఒత్తిడి తప్పిపోయి ఇదే జబ్బు వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే అనుభవమున్న చేతికి కొంత తెలుస్తుంది, ప్రెషర్ గేజ్ పెట్టి కొలిస్తే ఖాయంగా తెలుస్తుంది. బ్రీథరు దారి అంతా శుభ్రంగా ఉండి కూడా మూత దగ్గర పొగ బలంగా కొడుతుంటే రింగులో బోరో అరిగాయన్నమాట. అప్పుడు ఆ సంగతి యజమానికి దాచకుండా చెప్పాలి. ఇంజిన్ పనికి వచ్చిన బండికి సీల్ మార్చి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు.

పుల్లీ విప్పే పద్ధతిలో జరిగే నష్టం తక్కువేమీ కాదు. క్రాంక్ పుల్లీ బోల్టు ఇంజిన్‌లోని బిగువైన బోల్టుల్లో ఒకటి. దాన్ని వదులు చేయడానికి పెద్ద పానాకు పైపు తొడిగి, దాన్ని ఛాసిస్‌కు ఆన్చి, సెల్ఫ్ కొట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. పానా జారితే పక్కన ఉన్న మనిషి చెయ్యి విరుగుతుంది, ఇంజిన్ పొరపాటున స్టార్ట్ అయితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఫ్లైవీల్ పళ్ళలో స్క్రూడ్రైవరు దూర్చి ఆపడం మరో అలవాటు, దానివల్ల పన్ను విరిగితే రింగ్ గేరు మార్చడానికి గేర్‌బాక్సు దించాలి. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే లాకింగ్ టూలు ఖరీదైన వస్తువేమీ కాదు, ఆటోనగర్ లేతు షాపులో దిట్టమైన ఇనుప పట్టీతో చేయించుకోవచ్చు. మరొక జాగ్రత్త తప్పనిసరి. కొన్ని ఇంజిన్లలో వాల్వులను నడిపే బెల్టునో గొలుసునో తిప్పే పళ్ళ చక్రానికి (టైమింగ్ స్ప్రాకెట్‌కు) కీ, అంటే షాఫ్ట్ మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క, ఉండదు. ఆ చక్రం కేవలం ఆ పుల్లీ బోల్టు బిగువు మీదే నిలుస్తుంది. అలాంటి ఇంజిన్‌లో టైమింగ్ లాక్ చేయకుండా, అంటే షాఫ్టులు కదలకుండా పట్టి ఉంచకుండా, బోల్టు వదులు చేస్తే, సీల్ మార్చడానికి వచ్చిన బండి వాల్వులు వంగి షెడ్డులోనే పడిపోతుంది. కనుక ఏ మోడల్ అయినా విప్పే ముందు దాని పుస్తకం చూడటం నామోషీ కాదు.

పుల్లీని బయటికి లాగేటప్పుడు అంచులకు కొక్కేల పుల్లర్ వేసి లాగడం కూడా తప్పే. ఈ కాలపు డ్యాంపర్ పుల్లీల్లో బయటి చక్రం, లోపలి హబ్బు వేర్వేరు ముక్కలు, మధ్యలో రబ్బరు పొరతో అతికి ఉంటాయి. అంచు పట్టి లాగితే ఆ రబ్బరు తెగుతుంది. అప్పటికి ఏమీ కనబడకపోయినా, కొన్నాళ్ళకు బయటి చక్రం పక్కకు జరిగి బెల్టులు తినేస్తుంది. సాధారణంగా హబ్బులోనే మరలు తీసిన రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి బోల్టులు దింపి నడిమి నుంచి లాగే పుల్లరే వాడాలి.

పుల్లీ చేతికి వచ్చాక చూడవలసింది దాని హబ్బు, సీల్ పెదవి ఒరుసుకునే చోటు. అక్కడ మెరిసే గీత ఉండటం సహజం. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు ఆ గీతలో తట్టుకుందంటే అది గాడి పడిందన్నమాట. మన రోడ్ల దుమ్ము, క్వారీల దగ్గర తిరిగే బండ్లకు పట్టే రాతిపొడి పెదవి అంచున ఇరుక్కొని, ఆ మెత్తని రబ్బరే ఆకురాయి పనిచేసి, సంవత్సరాల మీద గట్టి ఇనుమును కోసేస్తుంది. గాడి పడిన హబ్బు మీద ఎన్ని కొత్త సీళ్ళు వేసినా పెదవి ఆ గాడిని పూర్తిగా మూయలేదు. దీనికి మంచి ఉపాయాలు ఉన్నాయి. టైమింగ్ కవర్‌లో చోటుంటే, లోపలి ఆయిల్ దారులేవీ మూసుకుపోకుండా చూసుకొని, కొత్త సీల్‌ను పాతదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి కొత్త చోట ఒరుసుకుంటుంది. అందుకోసమే పాత సీల్ తీయకముందు అది ఎంత లోతున ఉందో కొలిచి రాసుకోవాలి. చోటు లేకపోతే పావు మిల్లీమీటరు మందం ఉండే స్టీలు స్లీవు హబ్బు మీద తొడగవచ్చు, అంత పలుచన కాబట్టి మామూలు సైజు సీలే సరిపోతుంది. ఎమరీ పేపరుతో హబ్బును పొడుగునా, ఏటవాలుగా రుద్ది సరిపెట్టేవారు ఒక విషయం గమనించాలి. ఆ ఏటవాలు గీతలు తిరిగేటప్పుడు మర మాదిరి పనిచేసి ఆయిల్‌ను బయటికే తోస్తాయి. రుద్దక తప్పకపోతే చాలా సన్న పేపరుతో, హబ్బు తిరిగే దిశలోనే చుట్టూ రుద్దాలి.

పాత సీల్ తీసేటప్పుడు స్క్రూడ్రైవరు పెట్టి షాఫ్ట్ మీద ఆనించి పెకలించడం వల్ల షాఫ్ట్‌కు గీత పడుతుంది, సీల్ కూర్చునే గుంట అంచు కూడా నలుగుతుంది. చాలా ఇంజిన్లలో ఆ గుంట అల్యూమినియం ఆయిల్ పంపు బాడీలోనే ఉంటుంది కాబట్టి అక్కడ నలిగితే పంపు బాడీయే మార్చవలసి రావచ్చు. కొక్కెం ఉన్న సీల్ పుల్లర్‌కు టేపు చుట్టి, ఇనుప చుట్టును మాత్రమే పట్టి లాగితే ఈ బాధ ఉండదు.

కొత్త సీల్ ఎంపిక గురించి. దుకాణంలో 45-62-8 అని సీల్ మీద ఉన్న అంకెలు చూసి తెస్తారు. మొదటిది షాఫ్ట్ వ్యాసం, రెండోది గుంట వ్యాసం, మూడోది వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలో. ఆ అంకెలు కలిస్తే చాలదు. అదే కొలతలో నైట్రైల్ రబ్బరు సీల్ ఉంటుంది, ఫ్లోరో రబ్బరు సీల్ ఉంటుంది. మొదటిది సుమారు 100 డిగ్రీల దాకానే కలకాలం ఓర్చుకుంటుంది, రెండోది 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నడివేసవిలో లోడుతో నడిచే ఇంజిన్ ముందుభాగంలో గేర్‌బాక్సు కోసం చేసిన నైట్రైల్ సీల్ వేస్తే కొద్ది నెలల్లో పెదవి గట్టిపడి పగుళ్ళు ఇస్తుంది. ఇక కొన్ని సీళ్ళ పెదవి మీద సన్నని ఏటవాలు గాట్లు, పక్కన ఒక బాణం గుర్తు ఉంటాయి. షాఫ్ట్ ఆ దిశలో తిరిగినప్పుడు ఆ గాట్లు ఆయిల్‌ను లోపలికి తోస్తాయి. అదే కొలతలో వేరే దిశకు చేసిన సీల్ వేస్తే అది ఆయిల్‌ను బయటికి తోడిపోస్తుంది. కొత్త సరుకే, కొలత సరిపోయింది, అయినా మొదటి రోజు నుంచే కారుతోందని తలపట్టుకునే చోట ఈ బాణం చూడండి.

బిగింపులో ఒక తేడా మన కుర్రవాళ్ళకు తప్పక తెలియాలి. స్ప్రింగు ఉన్న రబ్బరు సీల్ పెదవికి బిగించే ముందు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయాలి, లేకపోతే మొదటి స్టార్టింగులోనే పెదవి మాడుతుంది. కానీ కొత్త ఇంజిన్లలో వస్తున్న పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పెదవి సీళ్ళకు స్ప్రింగు ఉండదు, వాటికి ఆయిల్ గానీ గ్రీజు గానీ రాయకూడదు. షాఫ్టూ సీలూ పూర్తిగా పొడిగా ఉండాలి, సీల్‌తో వచ్చే ప్లాస్టిక్ గొట్టాన్ని చివరిదాకా తీయకూడదు, బిగించాక తయారీదారు చెప్పినన్ని గంటలు ఆగి అప్పుడే ఇంజిన్ నడపాలి. ఆ పెదవి పొర కొంచెం ఇనుముకు అంటుకొని తన దారి తాను చేసుకోవడం కోసం ఆ నియమం. పాత అలవాటు కొద్దీ దానికి ఆయిల్ రాసి బిగిస్తే ఎంత ఖరీదైన సీలైనా కారుతుంది. స్ప్రింగు ఉన్న సీల్ అయితే ఆ స్ప్రింగు ఆయిల్ ఉన్న వైపుకే ఉండాలి. సుత్తితో ఒక్కో అంచు మీద కొట్టకుండా, ఇనుప చుట్టు అంత వెడల్పున్న గొట్టం ముక్క పెట్టి, నాలుగు వైపులా సమంగా దింపాలి. కీ కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటే పెదవిని కోసేస్తుంది, అక్కడ టేపు చుట్టి సీల్ దాటించాలి. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ ఆ కీ గాడి వెంటే పుల్లీ కింద నుంచి బయటికి పాకుతుంది. సీల్ బాగానే ఉన్నా కారుతోందంటే అదొక కారణం. అలాంటి చోట గాడిలో సిలికాన్ పేస్టు ఒక్క బొట్టు పెడితే చాలు, ఎక్కువ పెడితే ఊడి ఆయిల్‌లో పడి స్ట్రెయినరును (ఆయిల్‌ను వడకట్టే జాలీని) మూస్తుంది.

పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. ఆ దెబ్బలన్నీ క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీద పడతాయి. చివరి బోల్టును ఎయిర్ గన్నుతో గిర్రున తిప్పి వదిలేయకుండా బిగువును కొలిచి చూపే టార్క్ రెంచితో, ఆ ఇంజిన్‌కు చెప్పిన కొలతకే బిగించాలి. కొత్త బోల్టు వాడమని చెప్పిన చోట పాతది వాడరాదు.

ఇంత చెప్పినా, చిన్న షెడ్డు మేస్త్రీ ఈ కొలతలన్నీ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్న మిగులుతుంది. అది న్యాయమైన ప్రశ్న. విజయవాడ జవహర్ ఆటోనగర్ మొదలుకొని గాజువాక, గుంటూరు ఆటోనగర్ల వరకు పనిచేసే మెకానిక్‌లలో ఎక్కువమంది చేతిపనితో నేర్చుకున్నవారే. వారి నైపుణ్యం మీద నాకెంతో గౌరవం ఉంది. కానీ ఈ బోల్టు ఎన్ని న్యూటన్ మీటర్లకు బిగించాలి, ఈ సీల్ ఏ రకం అన్న సమాచారం చేతి అనుభవంతో వచ్చేది కాదు, తయారీదారు చెప్పవలసింది. 2014 ఆగస్టులో వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధించినప్పుడు, విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడాన్నే తప్పుపట్టింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించింది. ఆటోమొబైల్ రంగం అందులో ఉంది. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి, మన రోడ్ల మీద బొలేరో పికప్‌లకు లెక్క లేదు. ఈ బండ్లు తయారుచేసే కంపెనీలన్నీ కనీసం సీళ్ళు, బెల్టులు, బోల్టుల బిగింపు కొలతలనైనా ఒక చిన్న తెలుగు పుస్తకంగా వేసి షెడ్లకు అందించాలని కోరుతున్నాను. దానివల్ల ఏ కంపెనీ వ్యాపారం దెబ్బతినదు, వాటి ఇంజిన్లకు మంచి పేరే వస్తుంది.

ఐటీఐల్లో ఏడాది కాలపు మెకానిక్ డీజిల్ కోర్సు, రెండేళ్ళ మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు ఉన్నాయి. అక్కడ విద్యార్థులు సీల్ పేరు, బొమ్మ నేర్చుకోవడంతో ఆగకుండా, గాడి పడిన హబ్బును చేతితో పట్టి చూసి, బ్రీథరు ఒత్తిడి కొలిచి, టార్క్ రెంచితో బోల్టు బిగించి బయటికి రావాలి. ఆటోనగర్ సంఘాలు కూడా ఒక మేలు చేయవచ్చు. హబ్ పుల్లరు, ఫ్లైవీల్ లాకు, పెద్ద టార్క్ రెంచి, ప్రెషర్ గేజ్ ఒక్కో షెడ్డు కొనుక్కోవడం కష్టం, రోజూ వాటి అవసరం కూడా ఉండదు. సంఘం ఆఫీసులో ఒక సెట్టు ఉంచి, రోజుకింత అద్దెకు ఇస్తే ఆ వీధిలోని షెడ్లన్నింటికీ సరిపోతుంది.

బండి యజమానులకు నేను చెప్పేది కొద్దిగానే ఉంది. లీకేజీ ఎక్కడి నుంచో వెతికినందుకు, బ్రీథరు చూసినందుకు మేస్త్రీ విడిగా కూలి అడిగితే కాదనకండి. బేరమాడి ఆ అరగంట కూలి మిగుల్చుకుంటే, పని మళ్ళీ మొదటికి వచ్చినప్పుడు రెండు రోజుల కిరాయి పోతుంది. పని అయ్యాక పాత సీల్‌ను అడిగి తీసుకొని వెలుతురులో పెట్టి చూడండి. పెదవి గట్టిపడి పగుళ్ళిస్తే వేడి ఎక్కువైంది లేదా రకం తప్పింది. ఒక వైపే ఎక్కువ అరిగితే సీల్ వంకరగా కూర్చుంది లేదా షాఫ్ట్ బేరింగులు అరిగాయి. పెదవి వెనక్కి మడతపడి ఉంటే బిగించేటప్పుడే చెడింది. ఒక్కచోట సన్నని కోత ఉంటే అది కీ గాడి అంచు చేసిన పని. ఉబ్బి మెత్తబడితే ఆ రబ్బరుకు పడని ద్రవమేదో తగిలింది. ఇవేమీ లేకుండా పెదవి కొత్తదానిలాగే ఉంటే మీ సీల్‌లో లోపం లేదు, బ్రీథరు గానీ హబ్బు గానీ చూడకుండానే దాన్ని మార్చారు. అప్పుడు బండి షెడ్డు దాటకముందే మేస్త్రీని ఆ రెండూ చూపించమని అడగండి.

సీజను మొదలయ్యేలోగా ఈ లేఖను ప్రచురిస్తే కొందరు చిన్న యజమానులకైనా, షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళకైనా పనికొస్తుందని నమ్ముతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత డీజిల్ మెకానిక్ శిక్షకుడు,
విజయవాడ